ఎన్‌కోడర్ లెక్క ప్రోగ్రామ్‌తో చేయించకండి, టైమర్‌కి అప్పజెప్పండి

మిర్యాలగూడలో మా మామకి మోటార్ వైండింగ్ షాపు ఉంది, బోరు మోటార్లు, రైస్ మిల్లు మోటార్లు, ఎండాకాలం వస్తే ఫ్యాన్లు, ఏది కాలినా ఆయన దగ్గరికే వస్తది. కాయిల్ చుట్టే చేతి మిషన్‌కి ఒక పాత చుట్ల మీటర్ ఉండేది, దాని పళ్ళు అరిగిపోయి అంకెలు జారుతున్నాయని "నువ్వు ఎలక్ట్రానిక్సే కదరా చదివింది, జర ఇదేందో చూడు" అన్నడు. నాకేమో అది ఒక్క ఆదివారం పని అనిపించింది. చుట్టుకి 600 పల్సుల ఆప్టికల్ ఎన్‌కోడర్ (షాఫ్ట్ తిరిగినకొద్దీ పల్సులు పంపే పరికరం), ఇంట్లో పడున్న ఆర్డ్యునో ఊనో బోర్డు, చిన్న ఓఎల్ఈడీ తెర, అయిపాయె అనుకున్నా. బిగించి నూరు చుట్లు తిప్పితే తెర మీద 91 వచ్చింది. మామ ఏమీ అనలేదు, నోటితో లెక్కపెట్టుకుంటూ మళ్ళీ మొదటినుంచి చుట్టడం మొదలుపెట్టిండు. తిట్టినా అంత అనిపించేది కాదు.

91 ఎందుకొచ్చిందో తర్వాత కూర్చుని లెక్కేస్తే సిగ్గేసింది. ఆ ఎన్‌కోడర్‌కి ఒక చుట్టుకి 600 పల్సులు, ఏ, బీ రెండు లైన్లు, ఒక్కో పల్సుకి ఎక్కే అంచు దిగే అంచు కలిపి చుట్టుకి 2400 మార్పులు. చేత్తో సెకనుకి ఒక చుట్టు తిప్పినా సెకనుకి 2400. నేను లూప్‌లో పిన్నులు చదువుతూ, ప్రతి చుట్టుకీ ఒకసారి తెర మొత్తం రిఫ్రెష్ చేస్తున్నా. ఆ తెరకి 1024 బైట్లు, ఐ2సీ (రెండు వైర్ల మీద డేటా పంపే పద్ధతి) 100 కిలోహెర్ట్జ్ మీద పంపాలంటే 90 మిల్లీసెకన్లకి పైనే పడతది. ఆ 90 మిల్లీసెకన్లు ప్రోగ్రామ్ ఎన్‌కోడర్ వైపు చూడనే చూడదు, ఈలోపు 220 దాకా మార్పులు పోయినట్టే, అంటే ప్రతి చుట్టులో తొమ్మిది శాతం. నూరులో తొమ్మిది పోతే 91, అణాపైసలతో సహా లెక్క కుదిరింది.

తర్వాత ఇంటరప్ట్ పెట్టా, అంటే పిన్ను మారిన ప్రతిసారీ చిప్పు చేస్తున్న పని ఆపి దాన్ని లెక్కపెట్టి మళ్ళీ పనిలోకి పోతది. చేత్తో తిప్పినంతసేపు బానే ఉంది, మిషన్‌కి చిన్న మోటార్ తగిలించి నిమిషానికి 600 చుట్లు తిప్పేసరికి సెకనుకి 24,000 ఇంటరప్టులు, అంటే 41 మైక్రోసెకన్లకొకటి, మళ్ళీ నూటికి ఒకటో రెండో తేడా. అప్పుడు బుద్ధొచ్చి ఊనో పక్కన పెట్టి బ్లూ పిల్ అనే ఇంకో చిన్న బోర్డు తీశా. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్పులో ఎన్‌కోడర్‌ని సొంతంగా చదివే హార్డ్‌వేర్ లేదు. బ్లూ పిల్‌లో ఉండే ఎస్‌టీఎమ్32ఎఫ్103లో ఉంది, అదీ ఒకటి కాదు, చిప్పు లోపల సొంతంగా లెక్కపెట్టే టైమర్ 1, 2, 3, 4 నాలుగింటికీ ఉంది. ఈ రాతంతా దాని గురించే.

ముందు అసలు సంగతి ఏంటో చూద్దాం. రైల్వే గేటు దగ్గర పట్టాల పక్కన ఇద్దరు మనుషులు నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డారనుకోండి. రైలు ఇద్దరి ముందునుంచీ పోతది, కానీ ముందు ఎవరి ముందుకి వచ్చిందో చూస్తే ఎటువైపు పోతుందో తెలిసిపోతది. ఎన్‌కోడర్‌లో ఏ, బీ అంతే, రెండూ ఒకే రకం చతురస్ర తరంగాలు, ఒకటి ఇంకోదానికంటే పావు వంతు ముందు. ఒకవైపు తిప్పితే ఏబీ విలువలు 00, 10, 11, 01 ఇలా వరసగా వస్తాయి, ఇంకోవైపు తిప్పితే అదే వరస వెనక్కి. ఒక్కో అడుగులో ఒక్క లైనే మారతది, రెండూ ఒకేసారి మారవు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, బౌన్స్ (కాంటాక్టులు కొట్టుకోవడం) గురించి చెప్పేటప్పుడు పనికొస్తది.

మామూలుగా టైమర్ లోపలి క్లాక్ టిక్కుల్ని లెక్కపెడతది. ఎన్‌కోడర్ మోడ్‌లో పెడితే క్లాక్‌ని వదిలేసి ఛానెల్ 1, ఛానెల్ 2 పిన్నుల మీద వచ్చే అంచుల్ని లెక్కపెడతది, ఒక లైన్ మీద అంచు వచ్చినప్పుడు ఇంకో లైన్ పైన ఉందా కింద ఉందా చూసి ఒకటి కలపాలో ఒకటి తీసేయాలో అదే తేల్చుకుంటది. ప్రాసెసర్‌కి ఇందులో పనే లేదు. మీ ప్రోగ్రామ్ తెర గీస్తున్నా, డిలేలో నిద్రపోతున్నా, డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగి ఉన్నా కూడా లెక్క నడుస్తూనే ఉంటది. ఛానెల్ 3, 4 ఈ పనికి రావు, 1, 2 మాత్రమే. ఛానెల్ 3కి తగిలించి రాత్రంతా కూర్చున్న మనిషిని నాకు తెలుసు, పొద్దున అద్దంలో కనపడతడు.

నేర్చుకోడానికి నేరుగా 600 పల్సులదానితో మొదలుపెట్టకండి. కేవై-040 అని నాబ్ మాడ్యూల్ దొరుకుతది, కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా ఇస్తరు, తిప్పితే టక్ టక్ మంటది, నొక్కితే స్విచ్. చుట్టుకి 20 టక్కులు, 20 పల్సులు. దాని మీద సీఎల్‌కే అని రాసుంటే అది ఏ, డీటీ అని ఉంటే బీ. సీఎల్‌కే అని ఎందుకు రాశారో గానీ అక్కడ క్లాకూ లేదు పాడూ లేదు, ఆ పేరు చూసి చాలామంది తికమక పడతారు.

వైరింగ్‌లో ఒక్క విషయం జాగ్రత్త. టైమర్ 3కి పిన్నులు పీఏ6, పీఏ7. ఈ చిప్పులో చాలా పిన్నులు 5 వోల్టులు తట్టుకుంటాయి కానీ పీఏ0 నుంచి పీఏ7 దాకా ఉన్నవి తట్టుకోవు. కేవై-040 బోర్డు మీద 10 కిలోఓమ్ పుల్-అప్‌లు (లైన్‌ని పైకి లాగి ఉంచే రెసిస్టర్లు) ఉంటాయి, అవి ప్లస్ పిన్నుకి పోతాయి, కాబట్టి ప్లస్‌కి 5 వోల్టులిస్తే ఏ, బీ కూడా 5 వోల్టులకి లేస్తాయి. ప్లస్‌ని 3.3కే పెట్టండి, గొడవ ఉండదు. 5 వోల్టులు తట్టుకునే పిన్నులే కావాలంటే టైమర్ 4 వాడండి, పీబీ6, పీబీ7, కానీ ఓఎల్ఈడీకి మామూలుగా వాడే ఐ2సీ 1 కూడా ఆ రెండు పిన్నుల మీదే ఉంటది, దాన్ని పీబీ8, పీబీ9కి మార్చుకోవాలి. టైమర్ 1 అయితే పీఏ8, పీఏ9, అందులో పీఏ9 సీరియల్ పోర్టు 1 టీఎక్స్, సీరియల్‌లో ప్రింట్ చేసుకునేవాళ్ళకి అది కుదరదు. అందుకే నేను టైమర్ 3 దగ్గర ఆగా. నాబ్ నొక్కే స్విచ్‌కి చాలా బోర్డుల మీద పుల్-అప్ రెసిస్టర్ చోటు ఖాళీగా వదిలేస్తారు, దానికి చిప్పులోని పుల్-అప్ ఆన్ చేసుకోండి.

ఇక సెట్టింగులు. క్యూబ్‌ఎమ్‌ఎక్స్ (ఈ చిప్పుల సెట్టింగులు పెట్టి మొదటి కోడ్ రాసిచ్చే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ళు టైమర్ 3 తెరిచి కంబైన్డ్ ఛానెల్స్ దగ్గర ఎన్‌కోడర్ మోడ్ ఎంచుకోండి. కింద కౌంటర్ పీరియడ్ 65535, ప్రీస్కేలర్ 0, ఎన్‌కోడర్ మోడ్ దగ్గర టీఐ1 అండ్ టీఐ2 అని రెండూ ఉన్నది తీసుకోండి, డీఫాల్ట్‌గా ఒక్క టీఐ1 మాత్రమే ఉంటది, అలాగే వదిలేస్తే సగం అంచులే లెక్కలోకి వస్తాయి. రెండు ఛానెళ్ళకీ ఇన్‌పుట్ ఫిల్టర్ 15 పెట్టండి. కోడ్‌లో మెయిన్ మొదట్లో హాల్ లైబ్రరీలోని ఎన్‌కోడర్ స్టార్ట్ ఫంక్షన్‌ని టైమర్ 3 హ్యాండిల్‌తో, ఛానెల్ ఆల్‌తో పిలవాలి. క్యూబ్ కోడ్ రాసిచ్చేది ఇనిట్ వరకే, స్టార్ట్ మనమే పిలవాలి, కౌంట్ సున్నా దగ్గరనుంచి కదలట్లేదంటే పదికి ఎనిమిదిసార్లు ఇదే మర్చిపోయుంటారు.

రిజిస్టర్లతో (చిప్పు లోపల సెట్టింగులు, లెక్కలు ఉండే గళ్ళు) నేరుగా రాసుకుంటామంటే ఇంకా తేలిక, పది లైన్లు కూడా పట్టదు. ఏపీబీ1లో టైమర్ 3 క్లాక్, ఏపీబీ2లో పోర్ట్ ఏ క్లాక్ ఆన్ చేయండి. పీఏ6, పీఏ7 రెండిటికీ సీఆర్ఎల్‌లో 8 పెట్టండి, అంటే పుల్ ఉన్న ఇన్‌పుట్, ఓడీఆర్‌లో 6, 7 బిట్లు 1 చేస్తే అది పుల్-అప్ అవుతది. తర్వాత సీసీఎమ్ఆర్1లో హెక్స్ ఎఫ్1ఎఫ్1, ఇందులో రెండు 1లు ఛానెళ్ళని వాటి పిన్నులకి కలుపుతాయి, రెండు ఎఫ్‌లు ఫిల్టర్లు. ఎస్ఎమ్‌సీఆర్‌లో 3, అంటే రెండు లైన్ల మీదా లెక్క. ఏఆర్ఆర్‌లో 65535. చివరికి సీఆర్1లో మొదటి బిట్ 1. అంతే, ఇక టైమర్ లెక్క ఉండే సీఎన్‌టీ రిజిస్టర్ చదవడమే.

డీబగ్గర్‌లో లైవ్ ఎక్స్‌ప్రెషన్ పెట్టి సీఎన్‌టీ చూస్తూ నాబ్‌ని ఒక్క టక్కు తిప్పండి. 4 పెరగాలి. పూర్తి చుట్టుకి 80. టక్కుకి 2 మాత్రమే పెరిగితే మీది వేరే రకం, కొన్నిటికి 30 టక్కులకి 15 పల్సులే ఉంటాయి, ఆ రకానికి కింద చెప్పే 4 బదులు 2 వాడుకోండి. వెనక్కి తిప్పితే సున్నా నుంచి 65535కి దూకుతది, చూసి భయపడకండి, 16 బిట్ల కౌంటర్‌లో సున్నాకి ముందున్నది అదే. కౌంట్ 0, 1, 0, 1 అని అక్కడక్కడే ఊగుతుంటే ఒక లైన్ చిప్పుకి చేరట్లేదు, అంటే ఏ కదులుతుంటే బీ ఒకేచోట కూర్చుంది, ఒక అంచుకి కలిపి తర్వాతి అంచుకి తీసేస్తుంది, బీ వైరు చూసుకోండి. దిక్కు తిరగబడితే రెండు వైర్లూ మార్చుకోవచ్చు, లేదా ఒక ఛానెల్ పొలారిటీ బిట్ తిప్పొచ్చు. ఒక్కదాన్నే తిప్పాలి, రెండూ తిప్పితే మళ్ళీ మొదటికొస్తది.

ఇప్పుడు బౌన్స్. ఎన్‌కోడర్ అనగానే అందరూ ఇదే మాట అంటారు, డీబౌన్స్ రాయాలి, 5 మిల్లీసెకన్లు ఆగాలి అని. కేవై-040 లోపల ఉండేది మెకానికల్ కాంటాక్టులు, తగిలినప్పుడు మిల్లీసెకన్ల పాటు కొట్టుకుంటాయి, అది నిజమే. పైన పెట్టిన ఫిల్టర్ 15 దీన్ని ఆపుతదా అంటే ఆపదు. 72 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ ఫిల్టర్ 32 క్లాకులకి ఒకసారి చూసి 8 సార్లు వరసగా ఒకేలా ఉంటే ఒప్పుకుంటది, అంటే 256 క్లాకులు, మూడున్నర మైక్రోసెకన్లు. ఫిల్టర్ క్లాక్‌ని నాలుగో వంతుకి తగ్గించే క్లాక్ డివిజన్ 4 పెట్టినా 14 మైక్రోసెకన్లు. మిల్లీసెకన్ల బౌన్స్ ముందు ఇది ఏనుగు ముందు చీమ. ఫిల్టర్ ఉన్నది వైర్లలోకి దూరే చిన్న చిన్న స్పైక్‌ల కోసం, బౌన్స్ కోసం కాదు.

మరి లెక్క ఎలా తప్పట్లేదు? బీ 0లో స్థిరంగా ఉంది, ఏ 0 నుంచి 1కి పోతూ మధ్యలో కొట్టుకుంది అనుకుందాం, 1, 0, 1, 0, 1. టైమర్ చూసింది చూసినట్టు లెక్కపెడతది: కలుపు, తీయి, కలుపు, తీయి, కలుపు. మొత్తం ఎంత? ఒకటి. అసలు కదిలింది కూడా ఒక్క అడుగే. ఒక లైన్ ఎంత కొట్టుకున్నా ఇంకోటి ఆ టైమ్‌లో కదలకుండా ఉంటది కాబట్టి వచ్చిన తప్పులు జతలు జతలుగా ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే రెండూ ఒకేసారి మారవు అన్న మాట గుర్తుపెట్టుకోమన్నా. ఏ లైన్ ఎక్కే అంచు మీద మాత్రమే ఇంటరప్ట్ పెట్టి బీ చదివే పద్ధతి ఉంది చూడండి, అక్కడ 1, 0, 1, 0, 1 వస్తే మూడు ఎక్కే అంచులు, మూడూ కలపడమే, దిగే అంచులు లెక్కలోనే లేవు కాబట్టి తీసేసేవాడు లేడు. నాబ్‌తో తెర మీద మెనూ నడిపేటప్పుడు ఒక టక్కు తిప్పితే మూడు గెంతులేసేది అందుకే. తప్పు ఎన్‌కోడర్‌ది కాదు, సగం అంచుల్ని వదిలేసిన మనది. డీబౌన్స్ పేరుతో డిలే పెడితే ఇంకా ఘోరం, ఆ డిలేలో వచ్చిన నిజమైన అంచులు కూడా పోతాయి.

అయినా కెపాసిటర్ పెట్టాలనిపిస్తే పెట్టండి, లైన్ నుంచి 10 కిలోఓమ్ సిరీస్‌లో వేసి పిన్ను దగ్గర గ్రౌండ్‌కి 10 నానోఫారడ్ చాలు. మనిషి నాబ్ సెకనుకి రెండు చుట్లు తిప్పినా ఒక్కో అడుగుకి 6 మిల్లీసెకన్లు ఉంటది, దీనివల్ల వచ్చే ఆలస్యం 200 మైక్రోసెకన్ల లోపే. రెసిస్టర్ లేకుండా కెపాసిటర్ నేరుగా కాంటాక్ట్ మీద వేయకండి, కాంటాక్ట్ కలిసిన ప్రతిసారీ ఆ ఛార్జ్ అంతా దాని మీదుగానే పోతది. మోటార్ ఎన్‌కోడర్‌కి మాత్రం ఈ కెపాసిటర్ అసలు వద్దు.

సరే, సీఎన్‌టీ వస్తుంది, దాన్ని వాడుకునే దగ్గర ఇంకో గుంట ఉంది. సీఎన్‌టీని నేరుగా పొజిషన్‌గా వాడొద్దు, సున్నా దాటి వెనక్కి పోతే 65535 వస్తది, మెనూ చివరికి దూకేస్తది. ఓవర్‌ఫ్లో (కౌంటర్ చివర దాటి మళ్ళీ మొదటికి రావడం) ఇంటరప్ట్ పెట్టి పైన ఇంకో వేరియబుల్‌లో చుట్లు లెక్కపెట్టే పద్ధతి చాలా చోట్ల కనపడతది, నాకు అది నచ్చదు, షాఫ్ట్ సరిగ్గా సున్నా దగ్గర ఆగి వణికితే ఇంటరప్టులు వరద కడతాయి, పైగా మీరు సీఎన్‌టీ చదవడానికీ పై వేరియబుల్ చదవడానికీ మధ్యలో ఓవర్‌ఫ్లో అయితే 65536 తేడా. నేను చేసేది తేడా పద్ధతి. కిందటిసారి చదివిన సీఎన్‌టీ దాచుకోండి, ఇప్పటిది చదవండి, ఇప్పటిదాంట్లోంచి పాతది తీసేయండి, వచ్చినదాన్ని 16 బిట్ల సైన్డ్ (మైనస్ కూడా పట్టే) నంబర్‌గా మార్చండి, దాన్ని 32 బిట్ల మొత్తంలో కలపండి, ఇప్పటిదాన్ని పాతదిగా దాచండి. ఇంతే.

ఆ సైన్డ్‌గా మార్చే ముక్క మర్చిపోవద్దు, నేను మర్చిపోయి ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. పాతది 1, మూడడుగులు వెనక్కి పోయి ఇప్పుడు 65534 అనుకోండి. రెండూ 16 బిట్ల అన్‌సైన్డ్ అయినా ఇది 32 బిట్ల చిప్పు కాబట్టి సీ భాష తీసివేతకి ముందు రెండిటినీ 32 బిట్లకి పెంచేస్తది, జవాబు 65533 వస్తది, మొత్తంలో అదే కలిసిపోతది. అదే 65533ని 16 బిట్ల సైన్డ్‌గా చూస్తే మైనస్ 3, అదీ మనకి కావలసింది. చేత్తో ముందుకే తిప్పుతూ టెస్ట్ చేస్తే ఈ తప్పు బయటపడదు, ముందుకి 65535 దాటేదాకా, లేదా సున్నా కిందకి పోయేదాకా అంతా బానే ఉంటది, షాపుకి తీసుకెళ్ళాకే బయటపడతది. ఎప్పుడూ అంతే కదా.

ఈ పద్ధతికి ఒకే ఒక షరతు, రెండు చదువుల మధ్య 32767 కంటే ఎక్కువ కదలకూడదు. మన 600 పల్సుల ఎన్‌కోడర్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకి 50 చుట్లు, 1,20,000 కౌంట్లు, అంటే 0.27 సెకన్ల లోపు ఒకసారైనా చదవాలి. సిస్‌టిక్‌లో (ప్రాసెసర్‌కి క్రమం తప్పకుండా వచ్చే టిక్ ఇంటరప్ట్) 10 మిల్లీసెకన్లకొకసారి చదివితే ఒక్కసారికి 1200 కౌంట్లు, చాలా దూరంలో ఉన్నాం. అదే వేగానికి ఇంటరప్టుల మీద చేస్తే 8 మైక్రోసెకన్లకొకటి వస్తది, ఊనో 16 మెగాహెర్ట్జ్‌కి అది 133 క్లాకులు. ఎస్‌టీఎమ్32ఎఫ్4 చిప్పులు వాడేవాళ్ళకి టైమర్ 2, టైమర్ 5 ఏకంగా 32 బిట్లవి, వాళ్ళకి ఈ బాధ కూడా తక్కువే.

మెనూ నాబ్‌కి టక్కుల్లో కావాలి, కౌంట్లలో కాదు. మొత్తాన్ని 4తో భాగించేద్దాం అనుకుంటారు, రెండు చిక్కులు వస్తాయి. సీలో మైనస్ 3ని 4తో భాగిస్తే 0, ప్లస్ 3ని భాగించినా 0, అంటే సున్నా దగ్గర ఏడు కౌంట్ల మేర ఏమీ కదలదు, అక్కడ నాబ్ మొద్దుబారినట్టు ఉంటది. రెండోది, కొన్ని ఎన్‌కోడర్లలో టక్కు దగ్గర ఆగినప్పుడు బీ కాంటాక్ట్ సరిగ్గా అంచు మీద కూర్చుంటది, చెయ్యి తగిలినా 3, 4, 3, 4 అని ఊగుతది, భాగిస్తే 0, 1, 0, 1, మెనూ గుర్తు దానంతటదే డాన్స్ చేస్తది. దీనికి వేరే చిన్న సంచి ఒకటి పెట్టుకోండి, తేడాలన్నీ అందులో వేస్తూ పోండి, 4 లేదా అంతకంటే ఎక్కువైతే 4 తీసేసి ఒక మెట్టు పైకి, మైనస్ 4 లేదా అంతకంటే కిందకి పోతే 4 కలిపి ఒక మెట్టు కిందకి. మెట్టు పడ్డాక సంచి సున్నాకొస్తది, వెనక్కి మెట్టు పడాలంటే మళ్ళీ పూర్తిగా నాలుగు వెనక్కి పోవాలి, ఒకటి అటూ ఇటూ ఊగినా ఏమీ కాదు. రెండు చిక్కులూ ఒకే దెబ్బకి పోతాయి.

నాబ్ పని చేసింది కదా, ఇప్పుడు పెద్దదానికి రండి. 600 పల్సుల ఆప్టికల్ ఎన్‌కోడర్లలో ఎక్కువగా దొరికేవి 5 నుంచి 24 వోల్టుల సప్లై, ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్. ఎర్రది ప్లస్, నల్లది గ్రౌండ్, ఆకుపచ్చది ఏ, తెల్లది బీ అని సాధారణంగా ఉంటది, అయినా ఒంటి మీద అతికించిన లేబుల్ చూసే కలపండి. ఓపెన్ కలెక్టర్ అంటే అది లైన్‌ని కిందకి లాగడం మాత్రమే చేస్తది, పైకి లేపే పని మనదే, పుల్-అప్ లేకపోతే మల్టీమీటర్‌లో ఏమీ కనపడదు, చాలామంది చెడిపోయిందని వాపస్ పంపేది ఇలాంటివే. సప్లైకి 5 వోల్టులివ్వండి, పుల్-అప్ మాత్రం 3.3కి పెట్టండి, 4.7 కిలోఓమ్ ఏకి ఒకటి, బీకి ఒకటి. అప్పుడు పీఏ6, పీఏ7 మీదకి 3.3 కంటే ఎక్కువ రాదు. చిప్పు లోపలి పుల్-అప్ 40 కిలోఓమ్ దగ్గర ఉంటది, మీటరు పొడుగు వైరు, పక్కనే మోటార్ ఉంటే అది సరిపోదు. ఏ, బీ వైర్లని పొరపాటున కూడా ప్లస్‌కి నేరుగా తాకించకండి, లోపలి ట్రాన్సిస్టర్ పోతది.

ఫిల్టర్ దగ్గర ఇక్కడ ఆలోచించాలి. నిమిషానికి 3000 దగ్గర ఒక్కో లైన్ పైన 16.7 మైక్రోసెకన్లు, కింద 16.7 ఉంటది, అదీ ఎన్‌కోడర్ సరిగ్గా సగం సగం ఇస్తేనే. క్లాక్ డివిజన్ 4 పెట్టి ఫిల్టర్ 15 పెడితే 14 మైక్రోసెకన్లు కావాలి, మరీ అంచు మీద నడిచినట్టు. డివిజన్ 1 ఉంచి ఫిల్టర్ 15 అయితే మూడున్నరే, హాయిగా ఉంటది. మా మామ మిషన్ 600 దాటదు, నాకు రెండూ నడిచాయి, అయినా చిన్నదే ఉంచా.

వేగం కావాలంటే వేరే ఏమీ చేయక్కర్లేదు, 10 మిల్లీసెకన్ల తేడా చేతిలో ఉంది కదా, దాన్ని రెండున్నరతో గుణిస్తే నిమిషానికి చుట్లు, 1200కి 3000, 240కి 600. బాగా నిదానంగా తిరిగేటప్పుడు తేడా 1, 0, 1, 1, 0 అని వస్తది, ఒక్క కౌంటే రెండున్నర ఆర్‌పీఎమ్ కాబట్టి తెర మీద అంకె ఎగురుతది, అప్పుడు పది తేడాలు కలిపి 100 మిల్లీసెకన్లకొకసారి చూపించండి.

ఇంకో బోర్డు ఉన్నవాళ్ళకి క్లుప్తంగా: ఈఎస్‌పీ32లో పల్స్ కౌంటర్ అనే బ్లాక్ ఉంది, పాత మామూలు ఈఎస్‌పీ32లో ఎనిమిది యూనిట్లు, ఒక్కోదానికి రెండు ఛానెళ్ళు, రెండూ వాడితేనే నాలుగంచుల లెక్క వస్తది, దాని ఫిల్టర్ గరిష్ఠంగా 1023 క్లాకులు, 80 మెగాహెర్ట్జ్‌కి 12.8 మైక్రోసెకన్లు. అందులో 34 నుంచి 39 దాకా పిన్నులకి లోపల పుల్-అప్ లేదు, చూసుకోండి. రాస్‌ప్‌బెర్రీ పై పికోలో అయితే పీఐఓతో (పిన్నుల పని కోసం విడిగా చిన్న ప్రోగ్రామ్ నడిపే భాగం) చేస్తారు. పద్ధతి మారినా తేడా, సంచి లెక్కలు అవే.

షాపులో బిగించాక కాయిల్ చుట్ల లెక్క ఇలా పెట్టా: మొత్తాన్ని 2400తో భాగిస్తే పూర్తి చుట్లు, మిగిలినదాన్ని 24తో భాగిస్తే చుట్టులో నూరో వంతులు, ఒక బటన్ నొక్కితే మొత్తం సున్నా. సున్నా చేయడానికి సీఎన్‌టీని ముట్టుకోను, 32 బిట్ల మొత్తాన్నే సున్నా చేస్తా, టైమర్ పాటికి అది తిరుగుతూనే ఉంటది. వైరు ఒకదానిమీదకొకటి ఎక్కినప్పుడు మామ రెండు చుట్లు వెనక్కి విప్పి మళ్ళీ చుడతడు, లెక్క కూడా రెండు తగ్గి మళ్ళీ పెరుగుతది. అది చూసి మొదటిసారి "ఇది బాగుంది" అన్నడు.

టెస్ట్ మాత్రం ఇలా చేయండి. మిషన్ చక్రం మీద సుద్దముక్కతో ఒక గీత, దానికెదురుగా స్టాండ్ మీద ఒక గీత. సున్నా చేసి నూరు చుట్లు ముందుకి, నూరు వెనక్కి, కొంచెం నిదానంగా, కొంచెం దడదడా, మధ్యలో పక్కన గ్రైండర్ ఆన్ ఆఫ్ చేస్తూ. గీతలు కలిసినప్పుడు మొత్తం సున్నాకి రెండు మూడు కౌంట్ల లోపు ఉండాలి, చేత్తో గీత కలపడంలోనే అంత తేడా ఉంటది. మాకు మొదటిసారి 310 వచ్చింది. నేను గ్రౌండ్ వైరు మార్చా, షీల్డ్ వైరు తెచ్చా, ఫిల్టర్ మార్చా, ఒక గంట పోయింది. మామ వచ్చి ఎన్‌కోడర్ షాఫ్ట్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి చూసిండు, చక్రం కదలకుండానే తిరిగింది. కప్లింగ్‌కి ఉన్న రెండు గ్రబ్ స్క్రూలలో ఒకటి లేనేలేదు, ఇంకోటి వదులు. షాఫ్ట్ మీద చదునుగా కోసిన వైపుకి స్క్రూ తిప్పి అలెన్ కీతో బిగించి మళ్ళీ నూరు ముందుకి నూరు వెనక్కి తిప్పాం, తెర మీద మైనస్ 1.